పాట పందిటిలో, పాటగాడు వాకిట

ఒక సంఘముయొక్క మనస్సును కొలువదలచినవారు, అది యెట్టి పాటలను మెచ్చునని విచారించిన చాలదు. ఆ పాటలు పాడినవారి నెక్కడ కూర్చుండబెట్టునని విచారింపవలెను. పాటను మెచ్చుట సులభము. చెవియున్న ప్రతివాడును మెచ్చును. పాడినవానిని మనతో సమానుడుగా నెంచి, మన పంక్తిలో నతనికి విస్తరి వేయుట చెవిపని గాదు. అది మనస్సు చేయవలసిన పని. పెక్కుదేశములలో పాటకు పందిటిలో పీటయు, పాటగానికి వాకిట నేలయు లభించుచు వచ్చినవి. ఈ యనుచితము ఒక్క జాతికో, ఒక్క ఖండమునకో చెందినది కాదని చూపుటకై, అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతముయొక్క చరిత్రను, మన యుత్తరాంధ్రపు గానచరిత్రను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింప దలచితిమి.

విశాఖపట్టణములోని కంచరపాలెము పేరు విన్నంతనే కంచరివాని సుత్తిచప్పుడు తలపునకు వచ్చును. కంచును, ఇత్తడిని కరగించి పాత్రలు చేయువాడు కంచరి. నేడా పేట రైలుపట్టాలకు చేరువను, పరిశ్రమల నడుమను, శ్రమజీవులతో నిండియున్న చోటు. 1933లో విశాఖ రేవు ఓడలకు తెరువబడెను. అటుపిమ్మట రేవును, రైలును, నౌకానిర్మాణశాలయు, తుదకు ఉక్కు కర్మాగారమును ఉత్తరాంధ్రపు పల్లెలనుండి జనమును విశాఖకు రప్పించినవి. వచ్చినవారు మూటలతోపాటు తమ పాటలను గూడ వెంట దెచ్చుకొనిరి.

ఇట్టి పేటల వీధులలో పెండ్లి యూరేగింపు సాగినను, అమ్మవారి పండుగ వచ్చినను, ముందు నడచునది బ్యాండుమేళము. క్లారినెట్టు రాగమెత్తుకొనును, ట్రంపెట్టు దాని నందుకొనును, సాక్సోఫోను క్రిందిస్థాయిలో వంత పలుకును, డ్రమ్ములు పిల్లలచేత గంతులు వేయించును. ఊరేగింపు విడిదిల్లు చేరును. పెండ్లికొడుకునకు హారతి పట్టుదురు. బంధువులు లోనికి పోవుదురు. మేళగాండ్రు మాత్రము గుమ్మమువద్దనే ఆగిపోవుదురు. పంక్తులన్నియు లేచినపిమ్మట నెవరో వారిని తలచుకొందురు. శుభలేఖలో వధూవరుల తాతముత్తాతల పేర్లుండును, ఆహ్వానించువారి యుద్యోగము లుండును. నాలుగు గంటలసేపు ఊపిరి బిగబట్టి బాకా యూదినవాని పేరు ఎక్కడను కనబడదు. అతని పేరు అడిగినవారును తక్కువే. "బ్యాండువాళ్లు" అనుటతో మన పరిచయము ముగియును.

ఈ బాకాలే, ఈ క్లారినెట్లే, సముద్రముల కావల మరియొక రేవుపట్టణమున ఒక జాతి చేతిలో బడి లోకమంతటికిని క్రొత్త సంగీతము నొసంగినవి. ఆ పట్టణము అమెరికా దక్షిణభాగమున మిసిసిపీ నదియొడ్డున నున్న న్యూ ఆర్లియన్సు. ఆఫ్రికానుండి గొలుసులతో కట్టి తేబడిన నల్లజాతివారు ఆ పట్టణమున బానిసలై పొలములను, గృహములను, రేవును నడిపిరి. ఆదివారమునాడు మాత్రము వారికి కొంత తెరిపి దొరకెడిది. 1817లో పట్టణాధికారులు బానిసలు గుమిగూడి యాడుటకు ఒక్కచోటు మాత్రమే నిర్ణయించిరి. కాంగో స్క్వేరు అని పేరుపొందిన యా మైదానమున వారు డప్పులు మ్రోగించి, తమ పితామహుల దేశపు లయలను మరచిపోకుండ నిలుపుకొనిరి.

1865లో అంతర్యుద్ధము ముగిసెను. బానిసత్వము చట్టరీత్యా తొలగెను. కాని గౌరవము చట్టముతో రాలేదు. నల్లవారు వేరుపెట్టెలో ప్రయాణము చేయవలెనని లూయిసియానా రాష్ట్రము 1890లో శాసించెను. అట్టి శాసనము న్యాయమేయని దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1896లో తీర్పు చెప్పెను. సరిగా నీ కాలముననే న్యూ ఆర్లియన్సు వీధులలో ఇత్తడి వాద్యముల మేళములు పెరిగినవి. సైనికుల బాణీకై చేయబడిన కార్నెట్టును, ట్రాంబోనును నల్లవారు చేపట్టి, శవయాత్రలలోను, ఉత్సవములలోను వాయించిరి. శ్మశానమునకు పోవునప్పుడు నెమ్మదిగా, దుఃఖముతో వాయించుట. తిరిగివచ్చునప్పుడు ఉత్సాహముతో, నాట్యలయతో వాయించుట వారి యాచారము. చావునకుగూడ తలవంచని యీ మేళమునుండియే జాజ్ సంగీతము తలయెత్తెను.

జాజ్ అన్నంతనే కేవల కోలాహలమని తలచువారు మనలో కలరు. సంగీతశాస్త్రము నెరిగిన తెనుగువారికి దాని మర్మము దురూహము గాదు. దాని మూలమున బ్లూస్ అను పాట యున్నది. అది సాధారణముగా పండ్రెండు కొలతల చట్రము. మన తాళావర్తమువలె అది మరల మరల తిరుగుచుండును. ఆ చట్రములో గాయకుడు తన దుఃఖమును పోసి నింపును. పియానోమెట్ల మీద దొరకని స్వరములను, అనగా రెండు మెట్ల నడుమ వంగి జారు స్వరములను, వారు గొంతుతోను, బాకాతోను పలికింతురు. మనము గమకమందు మే దానిని, వారు నీలిస్వరమందురు. ఒకడు పాడగా తక్కినవారు బదులు పలుకుట బుర్రకథలో కథకుడును, వంతలును నడిపెడి పద్ధతియే. తాళపు దెబ్బకు సరిగా గాక ముందో వెనుకో స్వరమును వేయుట మన యతీతానాగత గ్రహములను తలపించును. అన్నిటికంటె ముఖ్యమైనది మనోధర్మము. వ్రాసియున్న పాటను ఆధారముగా గొని, ఆ క్షణమున తోచిన స్వరకల్పన చేయుట జాజ్ విద్వాంసుని ప్రధానలక్షణము. దానిని కోలాహలమనువాడు మన కల్పనస్వరములను గూడ కోలాహలమనవలసి వచ్చును.

ఈ సంగీతమునకు మొదటి మహావాదకుడని పేర్కొనబడువాడు బడ్డీ బోల్డెన్. 1877లో న్యూ ఆర్లియన్సున పుట్టి, కార్నెట్టు వాయించి ఆ పట్టణము నుఱ్ఱూతలూగించెను. 1907లో మతి చెడి చికిత్సాలయము చేరి, 1931లో నక్కడనే మరణించెను. అతని వాద్యము ఒక్క రికార్డుమీదనైనను నేడు మనకు వినబడదు. జాజ్ అను పేరుతో మొట్టమొదట 1917లో వెలువడిన గ్రామఫోను రికార్డు తెల్లవారి మేళముది. తోట వేసినవాని పేరు చెరిగిపోవుటయు, మొదటి పండు వేరొకని బుట్టలో కనబడుటయు నిట్లు సంభవించెను.

బోల్డెన్ వదలిన బాటలో లోకమంతయు నడచి వచ్చునట్లు చేసినవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగు. 1901లో అదే పట్టణమున కడుపేద యింట పుట్టెను. 1912 సంవత్సరాంతపు రాత్రి వీధిలో తుపాకి పేల్చినందుకు పట్టుబడి, నల్లజాతి బాలుర సంస్కరణాలయమునకు పంపబడెను. అక్కడి బ్యాండులో నతనికి కార్నెట్టు చేతికి దొరకెను. 1922లో గురుతుల్యుడైన కింగ్ ఆలివర్ పిలుపుపై చికాగో చేరెను. 1925 మొదలు 1928 వరకు చిన్న మేళములతో అతడిచ్చిన రికార్డులు జాజ్ చరిత్రకు పునాదిరాళ్లు. అంతకుముందు మేళమంతయు కలిసి అల్లుకొనుచుండిన సంగీతమున, ఒక్క వాదకుడు ముందుకు వచ్చి తన కల్పనతో కథ చెప్పవచ్చునని చూపినవాడతడే. గొంతుతో నర్థములేని యక్షరములను స్వరములవలె పాడుటను గూడ అతడు ప్రసిద్ధి కెక్కించెను.

ఇంతటి కీర్తి వచ్చినపిమ్మట గౌరవము దానంతట నదియే వచ్చి యుండునని చదువరులు తలంతురేమో! లూయిసియానా రాష్ట్రము 1956లో తెల్లవారును నల్లవారును కలసి వేదిక నెక్కగూడదని చట్టము చేసెను. ఆర్మ్‌స్ట్రాంగు మేళమున ఇరువురును నుండిరి. తన మేళమును చీల్చుకొని పుట్టినయూర వాయించుటకంటె, ఆ యూర వాయింపకుండుటయే మేలని అతడు మానుకొనెను. ఆ చట్టము పోయినపిమ్మట 1965లో గాని మరల నక్కడ వాయింపలేదు. 1957లో లిటిల్ రాక్ పట్టణమున నల్లపిల్లలను పాఠశాలలో కాలిడనీయక అడ్డగించినప్పుడు, ఎల్లప్పుడు నవ్వుచుండు నా మనిషి దేశాధ్యక్షుని బహిరంగముగా నిందించి, ప్రభుత్వము పక్షమున సోవియట్ దేశమునకు చేయదలచిన యాత్రను మానివేసెను. పాటగాని నవ్వును జూచి అతనికి అవమానము తెలియదని తలచుట శ్రోతల పొరపాటు.

స్త్రీల చరిత్ర యింతకంటె కఠినము. బెస్సీ స్మిత్ 1894లో పుట్టి, బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి, వీధులలో పాడి పొట్టపోసికొనెను. 1923లో వెలువడిన ఆమె మొదటి రికార్డు లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. ఆమెకు దక్కినది మాత్రము పాటకింతయను కూలి. అమ్మకపు లాభమున భాగము లేదు. 1937లో కారు ప్రమాదమున గాయపడి మరణించెను. అంత్యయాత్రకు వేలజనము వచ్చిరి. కాని సమాధిపై పేరు చెక్కిన రాయి లేదు. 1970లో, అనగా ముప్పదిమూడేండ్లకు, జానిస్ జాప్లిన్ అను గాయనియు, మరియొక స్త్రీయు డబ్బిచ్చి రాయి నిలిపిరి. ఆ ముప్పదిమూడేండ్లును ఆమె రికార్డులు తిరుగుచునే యున్నవి.

బిల్లీ హాలిడే (1915–1959) గొంతు పెద్దది గాదు. కాని ఒక్కొక్క మాటను తాళమునకు కొంచెము వెనుకకు లాగి, అర్థమును శ్రోత గుండెకు దింపు నేర్పు ఆమెకు వలె మరియెవరికిని లేదని రసికులందురు. తెల్లవారి మేళముతో గలసి 1938లో పర్యటించుచుండగా, న్యూయార్కునందలి యొక హోటలులో సామానుల లిఫ్టున నెక్కిరమ్మని ఆమెను నిర్బంధించిరి. పై యంతస్తున నామె పాట కావలెను. ముంగిటి ద్వారమున నామె కనబడగూడదు! 1939లో, నల్లవారిని చెట్లకు ఉరితీయు ఘోరమును గూర్చిన పాటను ఆమె వేదికపై పాడెను. ఆ పాటను రికార్డు చేయుటకు ఆమెకు మామూలుగా రికార్డులు చేయు కంపెనీ వెనుదీయగా, వేరొక చిన్న కంపెనీ ముందుకు వచ్చెను. 1959లో ఆసుపత్రి మంచముమీద, గదివాకిట పోలీసుల కాపలానడుమ ఆమె ప్రాణము విడిచెను.

ఈ చరిత్రలో రాజఠీవితో వెలుగువాడు డ్యూక్ ఎల్లింగ్టన్. 1899లో పుట్టి, వేయికి మించిన రచనలు చేసి, తన మేళమునందలి ప్రతివాదకుని ధ్వనిని ఎరిగి, అతని కనుగుణముగా సంగీతము వ్రాసెను. 1927లో న్యూయార్కునందలి కాటన్ క్లబ్బున నతని మేళమునకు కొలువు దొరకెను. ఆ క్లబ్బున పాడువారును, ఆడువారును నల్లవారు. వినవచ్చువారు మాత్రము తెల్లవారు. వేదిక నెక్కుటకు అర్హుడైనవాడు ఎదుట నున్న కుర్చీలో కూర్చుండుటకు అర్హుడు గాడు. 1965లో పులిట్జర్ సంగీతసంఘము ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవ మీయవలెనని సిఫారసు చేయగా, నిర్వాహకమండలి నిరాకరించెను. అతడు 1974లో మరణించెను. నూరవ జయంతియైన 1999లో నా గౌరవము ప్రకటింపబడెను. అతడు 1963లో తన మేళముతో మనదేశమునకు వచ్చి వాయించెను. ఆ యాత్రానుభవముననుండి పుట్టిన రచనలలో ఢిల్లీ పేరు గలది యొకటి, ఆగ్రా పేరు గలది యొకటి యున్నవి.

ఇంతవరకు చదివి, "అమెరికావారెంత క్రూరులు!" అని నిట్టూర్చి పుట తిరుగవేయుట మనకు సులభమైన పని. పరుల యింటి మురికి మనకు దూరమునుండియే కనబడును. ఇక మన వాకిలి చూచుకొందము.

విదేశీయుల వాద్యమును చేపట్టి మన నుడికారమును పలికించుటలో ఆంధ్రులెవరికిని తీసిపోరు. దానికి ద్వారం వెంకటస్వామి నాయుడుగారే సాక్ష్యము. 1893లో బెంగుళూరున పుట్టి, విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందగించుటచే బడిచదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు చేతికి ఫిడేలిచ్చి, తామే మొదటి పాఠములు చెప్పిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొన్నప్పుడు, శిష్యుడుగా చేరుటకు వచ్చిన యీ యిరువదియారేండ్ల యువకుని వాద్యము విని, అక్కడివారతనిని ఆచార్యునిగా నియమించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారి పిమ్మట 1936లో నాయుడుగారు ఆ కళాశాల కధ్యక్షులైరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభకు అధ్యక్షత వహించిరి. 1952లో మనదేశమునకు వచ్చిన జగత్ప్రసిద్ధ వైణికుడు గాని వైణికుడు, ఫిడేలు విద్వాంసుడు, యెహుదీ మెనూహిన్ వీరి వాద్యమును విని మెచ్చుకొనెను. 1964లో నాయుడుగారు పరమపదించిరి. నేడు విశాఖపట్టణమున వారి పేర కళాక్షేత్రము వెలసియున్నది.

నాయుడుగారి చరిత్రలో రెండు సంగతులు గమనింపదగినవి. ఫిడేలు పాటకచేరిలో గాయకుని వెనుక నుండి యనుసరించు వాద్యము. దానిని ముందు కూర్చుండబెట్టి, కచేరి మొత్తమును దానితోనే నడిపినవారిలో నాయుడుగారగ్రగణ్యులు. ఆర్మ్‌స్ట్రాంగు మేళమునుండి ఒక్క బాకాను ముందుకు తెచ్చినట్లే, వీరును వెనుకనున్న వాద్యమునకు నోరిచ్చిరి. రెండవది, బడి విడువవలసివచ్చిన బాలునకు ఇంటివా డొకడు వాద్యమిచ్చెను. పిమ్మట ఒక సంస్థ తలుపు తెరచి, కులగోత్రములను గాక చేతిపనిని చూచి పీట వేసెను. ప్రతిభ పుట్టుట దైవాధీన మనుకొన్నను, తలుపు తెరచుట మన యధీనమేకదా!

తలుపు తెరచుకొననిచోట నేమగునో, అదే విజయనగరము చెప్పగలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) బాల్యమున సంగీతము నేర్చుకొనుటకై అక్కడికి వచ్చి, జోలె పట్టి యింటింట మధూకరమెత్తి పొట్టపోసికొనిరి. నేడు వారి కంఠము వినని తెనుగు ఇల్లు లేదు. ఆనాడు చిరాకుపడి తలుపు మూసిన యిండ్లెన్ని యుండెనో, ఆ యిండ్లలో పిమ్మట ఆ పాటలే మ్రోగి యుండును.

గాయనుల విషయమున మన ప్రవర్తన బెస్సీ స్మిత్ దేశపు ప్రవర్తనకంటె మెరుగని చెప్పజాలము. శతాబ్దములు సంగీతమును, అభినయమును కాపాడినవారు కళావంతుల యిండ్ల స్త్రీలు. వారి బాలికలను దేవుని పేర నర్పించి దురాచారమునకు గురిచేయుట అన్యాయము. దానిని నిషేధించుచు 1947లో మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టము న్యాయము. కాని దురాచారమును తీసివేసినపుడు, దానితో చిక్కుకొనియున్న విద్యను విడదీసి, ఆ విద్య నెరిగినవారికి బోధకురాండ్రుగా నాసనమీయవలసి యుండెను. పెక్కుచోట్ల నది జరుగలేదు. పాట సభలకెక్కెను, పాడిన వంశము మరుగునబడెను. ఆ వంశపు స్త్రీలలో కొందరు తమ పేరును తాము దాచుకొని బ్రతుకవలసి వచ్చెను.

దాచుకొననిది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). తిరువైయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడియుండగా, తన ధనము వెచ్చించి స్థలము కొని గుడి కట్టించెను. ఆ స్వామి తెనుగు కీర్తనలను ఆరాధనలో పాడుటకు స్త్రీలకు చోటులేదని పురుషులు పలికినపుడు, ఆమె స్త్రీలతో వేరుగా ఆరాధన జరిపించి, కడకు అందరు కలసి పాడునట్లు చేసెను. ముద్దుపళని రచించిన తెనుగు కావ్యమును 1910లో పరిష్కరించి ప్రకటించెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్న కాలమున నా నిషేధము తొలగెను. గుడి కట్టినదానిని గుడిలో పాడవద్దనుటయు, వేదికనెక్కినవానిని కుర్చీ యెక్కవద్దనుటయు ఒక్క బుద్ధికి పుట్టిన కవలపిల్లలు.

ఇక రేవుపట్టణపు శ్రామికుల పాటకు రండు. బ్లూస్ పాటకు పొలమున వంగి పనిచేయు బానిసల పాటలు మూలములు. మన యుత్తరాంధ్రమున నాట్లు వేయు స్త్రీల పాటలును, జముకుల కథలును, ఱొమ్మున రేకుగుండ్లు కట్టుకొని వాయించుచు నాడు తప్పెటగుళ్లును అట్టివే. ఈ నాదమును పట్టణమునకు తెచ్చినవారిలో వంగపండు ప్రసాదరావుగారు (1943–2020) సుప్రసిద్ధులు. పార్వతీపురము ప్రాంతమున పుట్టి, విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడుగా పనిచేసిరి. 1941లో ఆరంభమైన యా నౌకానిర్మాణశాలనుండి 1948లో 'జల ఉష' అను నౌక సముద్రమున దిగినపుడు దేశము పండుగ చేసికొనెను. నౌకకు పేరు పెట్టిరి. రేకులు బిగించినవారి పేర్లు ఎవరును వ్రాయలేదు. అట్టివారి బ్రతుకునే, వారు మాటలాడు ఉత్తరాంధ్రపు పలుకుబడిలోనే, వంగపండు పాటగా కట్టి, గజ్జె కట్టి యాడి వినిపించిరి. ఆ యాసను వినినంతనే నవ్వు పట్టణవాసులు ఆ యాసలోని పాటకు తలయూపిరి. ఒక ప్రాంతపు పలుకునకు గౌరవము తెచ్చుటలో వ్యాసములు నూరు చేయలేని పని ఒక పాట చేయగలదు.

మన సంగీతమునకును జాజ్ వేదికకును ముఖాముఖి సమాగమము గూడ జరిగినది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాసు, పాశ్చాత్యుల మాండొలినును చేపట్టి, దానిమీద గమకములను పలికించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాద్యమెరిగినవారు. ఆ బాలుడు 1983లో బెర్లిను జాజ్ ఉత్సవమున కచేరి చేసి, అక్కడి శ్రోతలను ముగ్ధులను గావించెను. పిమ్మట జాన్ మెక్‌లాఫ్లిన్ మొదలగు జాజ్ విద్వాంసులతో గలసి లోకమంతట వాయించి, 2014లో అకాలమరణము చెందెను. క్లారినెట్టు వాయించు ఇంటనుండి జాజ్ వేదికకు దూరమెంతో లేదని యీ చరిత్రవలన తెలియుచున్నది. ఆ నడుమనున్న దూరమంతయు శిక్షణము దొరకుటయు, దొరకకపోవుటయు మాత్రమే.

ఇక్కడ కొందరు రెండు ఆక్షేపణలు చేయుదురు. మొదటిది: "బ్యాండువారికి కూలి యిచ్చితిమి, ఇంకేమి యీయవలెను?" కూలి యీయుట ఋణము తీర్చుటయే గాని గౌరవించుట గాదు. పురోహితునకు సంభావన యిచ్చి కాళ్లకు మ్రొక్కుదుము; ఛాయాచిత్రకారునకు రొక్కమిచ్చి "భోజనము చేసి పొండి" అని చేయిపట్టి పిలుతుము. కూలి పుచ్చుకొన్నంతమాత్రమున నొకనికి గౌరవము తక్కువగునేని, జీతము పుచ్చుకొను మనమందరమును వాకిటనే నిలువవలెను.

రెండవది: "వీధిమేళము కళయా? అది సినిమాపాటల ననుకరించు చప్పుడు." న్యూ ఆర్లియన్సు పెద్దమనుష్యులును తమ వీధిమేళములనుగూర్చి ఇట్టి మాటలే పలికిరి. బోల్డెన్ కార్నెట్టు వారికి చప్పుడుగానే తోచెను. వ్రాసికొని దాచిన వారెవరును లేకపోయిరి. నేడు లోకము ఆ చప్పుడు వినవలెనని తహతహలాడుచున్నను అది మరల రాదు. మన పేటలలో నెందరు బోల్డెనులు క్లారినెట్టు మూటగట్టుకొని, చీకటిలో ఇంటికి నడచిపోయిరో! అనుకరించుచున్నారనుటయు సగము నిజము. గొంతు పాడినదానిని బాకాపై పలికించునపుడు, మాట పోయినచోట దాని భావమును నిలుపుటకు వాదకుడు స్వరమును సాగదీసి, వంచి, త్రిప్పవలెను. అది మనోధర్మమునకు మొదటిమెట్టు. రెండవమెట్టు ఎక్కించు గురువు లేకపోవుట వాని దోషము గాదు.

కాబట్టి చేయదగిన పనులు కొన్ని విన్నవింతుము. అవి గొప్ప ధనవ్యయముతో గూడినవి గావు. మొదటిది, పెండ్లింట మేళగాండ్రకు బంధువుల పంక్తిలోనే విస్తరి వేయుట. రెండవది, శుభలేఖలో గాని, పందిటిముందు పలకపై గాని వారి పేర్లు వ్రాయుట. మూడవది, కంచరపాలెమువంటి పేటలలోని పాఠశాలలలో సాయంకాలమున వాద్యశిక్షణ నేర్పాటుచేసి, వృద్ధులైన మేళగాండ్రనే బోధకులుగా నియమించి, స్వరజ్ఞానమును వ్రాతపూర్వకముగా నేర్పువారిని వారికి తోడుచేయుట. ఆర్మ్‌స్ట్రాంగునకు బాలుర సంస్కరణాలయములో దొరకిన కార్నెట్టు మన పేటలోని పిల్లవానికి నేరము చేయకుండగనే దొరకవలెనుగదా! నాల్గవది, జీవించియున్న వృద్ధవాదకుల వాద్యమును ధ్వనిముద్రణము చేసి, పేరుతోను, ఊరితోను భద్రపరచుట. నేటి జేబుటెలిఫోనులే యీ పనికి చాలును.

పేటలోనివారికి కళ యెక్కడిదని సందేహించువారికి కంచరపాలెమే 2018లో బదులు చెప్పినది. వెంకటేష్ మహా దర్శకత్వమున నా యేట వెలువడిన 'కేరాఫ్ కంచరపాలెం' అను చలనచిత్రమున నటించినవారిలో పెక్కుమంది అంతకుముందు కెమెరా నెరుగని యా పేటవాసులే. వారి నడకను, వారి పలుకును, వారి వీధిని దేశమంతయు మెచ్చుకొని చూచెను. వారికి నటన క్రొత్తగా ఆకాశమునుండి దిగిరాలేదు; వారివైపు తిరిగి చూచిన కన్నే క్రొత్తది.

బెస్సీ స్మిత్ సమాధికి రాయి నిలుపుటకు ముప్పదిమూడేండ్లు పట్టెను. ఎల్లింగ్టన్ గౌరవమునకు నూరవ జయంతి రావలసి వచ్చెను. చచ్చినవానికి పెట్టిన రాయి బ్రతికియున్నవారి సిగ్గును కప్పుకొనుటకు పనికివచ్చును గాని, పాడిన గొంతునకు చల్లనినీరు కాదు. మనకట్టి ఆలస్యము చేయవలసిన పనిలేదు. ఈ మాఘమాసముననే మన వీధిలోనికి మేళము వచ్చును. బాకా దించి చెమట తుడుచుకొను వానిని "నీ పేరేమి నాయనా, లోపలికి రా" అని పిలుచుటకు శాసనము అక్కరలేదు, సభ అక్కరలేదు. గుమ్మము మనది, పిలువవలసిన నోరును మనదే.